ఒళ్ళు పట్టించుకున్నాను

"ఒళ్ళు పట్టించుకో అమ్మా, ఒళ్ళు పట్టించుకో" అని మా అమ్మాయి ఫోనులో రోజూ చెప్పే మాటే. వేళకి తిను, వేళకి పడుకో అనడం గాబోలు అనుకొని నేనూ "సరేలేవే" అంటూ వచ్చాను. తీరా పోయిన నెల నా పుట్టినరోజు నాడు తేలిందేమిటంటే, అది అక్షరాలా ఒళ్ళు పట్టించుకోమనే చెబుతోంది. తాడేపల్లిగూడెంలో వాళ్ళింటి దగ్గర ఎవరో ఆయుర్వేద వైద్యశాల పెట్టారట. సుగంధ తైలం కలిపిన నూనెతో మర్దన చేసి, ఆకుల మూటతో కాపడం పెట్టి, ఆవిరి పట్టించి పంపుతారట. ఒళ్ళూ మనసూ దూదిపింజలా అయిపోతాయట. నా పేర 1,500 రూపాయలు ముందే కట్టేసింది.

"పదిహేను వందలా!" అన్నాను. ఆ డబ్బుతో మా ఇంట్లో ఇరవై రోజుల పాలు వస్తాయి.

"కట్టేసిన డబ్బు తిరిగి ఇవ్వరమ్మా" అంది. నా కూతురికి నా సంగతి బాగా తెలుసు. వద్దంటే వినను గాని, డబ్బు దండగ అవుతుందంటే మాత్రం దేనికైనా సిద్ధపడతాను.

(పనసపొట్టు కూర గురించి ఉత్తరాలు రాసిన సోదరీమణులు క్షమించాలి. ఆవ ఎప్పుడు కలపాలో వచ్చే వారం తప్పక రాస్తాను. ఈ వారం నా భుజం గొడవ.)

నా కుడి భుజం పట్టేసి ఆర్నెల్లయింది. జడ వేసుకుందామంటే చెయ్యి వెనక్కి పోదు. అటక మీది జాడీ దింపుదామంటే పైకి లేవదు. రాత్రి ఆ వేపు ఒత్తిగిలితే ప్రాణం పోయినంత పని. ఎముకల డాక్టరుగారు చూసి, గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళని బల్లిలాగా పైకి పాకించమన్నారు. పాకిస్తున్నాను. మా పనిమనిషి మొదటి రోజు చూసి నాకేదో అయిందనుకొని మావారిని కేకేసింది.

అయినా, నూనె మర్దన మనకి కొత్తా? మన ఇళ్ళలో పుట్టిన ప్రతి బిడ్డా నూనెలో నానే పెరిగింది. మా పిల్లలిద్దరినీ కాళ్ళ మీద బోర్లా వేసుకుని నువ్వుల నూనె రాసి, సున్నిపిండితో నలిచి, సాంబ్రాణి పొగ వేసింది నేనే. ఆదివారం తలంట్లు, దీపావళి తలంట్లు, పెళ్ళి నలుగులు అన్నిటికీ నా చేతులే. మా అత్తగారు మంచాన పడ్డ మూడేళ్ళూ రాత్రి తొమ్మిది కొట్టగానే ఆముదం గిన్నె పట్టుకొని ఆవిడ మోకాళ్ళ దగ్గర కూచునేదాన్ని. "నీ చేతిలో ఏదో ఉందే పిల్లా" అనేవారు. జన్మలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క మాటకే.

మరి నా ఒంటికి నూనె ఎవరు రాశారు అని ఆలోచించాను. మా అబ్బాయి పుట్టినప్పుడు మా అమ్మ రాసింది. వావిలాకు వేసి కాచిన నీళ్ళు నడుం మీద కుమ్మరించింది. మా అబ్బాయికి ఇప్పుడు ముప్ఫయ్యారేళ్ళు. అంటే లెక్క మీరే కట్టుకోండి.

కాని నేను వెళ్ళనని మొరాయించింది డబ్బు కోసమూ కాదు, సిగ్గు కోసమూ కాదు. కాపడం అనే మాట వింటేనే నాకు గుండెల్లో దడ. ఎందుకో మా అమ్మాయికి కూడా తెలియదు. ఈ పేజీ అది ఎలాగూ చదువుతుంది గనుక ఇక్కడే చెప్పేస్తాను.

మూడేళ్ళ కిందట, సంక్రాంతి వెళ్ళాక ఒక చలి రాత్రి. మావారికి చక్కెర జబ్బు వచ్చి అప్పటికే పదిహేనేళ్ళు. "పాదాలు తిమ్మిరిగా ఉన్నాయే, దూది మీద నడుస్తున్నట్టుంది" అని నాలుగు రోజులుగా అంటున్నారు. వాతం కాబోలు అనుకున్నాను. మా అత్తగారికి చేసిన వైద్యమే చేద్దామని గళ్ళుప్పు మూకుట్లో వేయించి, పాత పంచె ముక్కలో మూట కట్టి, పాదానికి ఆముదం రాసి కాపడం మొదలెట్టాను. "వేడి తగులుతోందా?" అని అడిగాను. "ఏదీ, ఏమీ తెలియడం లేదే" అన్నారు. సరే, చల్లారిపోయిందేమోనని మళ్ళీ వేడిచేశాను. "ఇప్పుడో?" "ఊహూఁ." ఇంకా వేడిచేశాను. మూడోసారికి మూట పట్టుకోవడానికి నాకే మసిగుడ్డ కావలసివచ్చింది. ఆ మసిగుడ్డ కావలసివచ్చినప్పుడైనా నాకు బుద్ధి వెలగాలి గదా! వెలగలేదు. "హాయిగా ఉందా?" అన్నాను. "నువ్వు రాస్తే హాయిగా లేకేం" అన్నారాయన.

తెల్లవారి చూస్తే అరికాలు పక్కన నిమ్మకాయంత బొబ్బ. అది పగిలి పుండయి, మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఒక దశలో వేలు తీసెయ్యవలసి వస్తుందేమో అన్నారు. దేవుడి దయవల్ల ఆ గండం తప్పింది. "ఇదెలా కాలిందండీ?" అని డాక్టరుగారు అడిగితే, నేను నోరు తెరిచేలోగానే మావారు, "స్నానాల గదిలో వేణ్ణీళ్ళు ఒలకబోసుకున్నానండి" అనేశారు. పిల్లలకీ అదే చెప్పారు. నేనూ అదే చెప్పాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా ఆ మాట మళ్ళీ రాలేదు. ఉప్పు మూట కట్టిన ఆ పంచె ముక్క మాత్రం నేను పారెయ్యలేకపోయాను. బీరువా అడుగున ఉంది.

అదీ సంగతి. పదిహేను వందలు దండగవుతాయన్న బెంగ ఒక వేపూ, ఈ దడ ఒక వేపూ పెట్టుకొని ఏలూరులో పాసింజరు రైలెక్కాను. కుడిచేతి వేపు కిటికీ దగ్గర కూచున్నాను. దెందులూరు, భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు. ఆ దారిలో రైల్లోంచి కొల్లేరు కనబడదు గాని కొల్లేటి గాలి తగులుతుంది. చేపల చెరువుల మీదుగా వచ్చే ఆ తడిగాలికి నా భుజం ముందే మూలిగింది. ఇంతకీ 2022లో మా ఏలూరు తన పేరనే జిల్లా అయి కూచుంది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. పట్టుమని గంట ప్రయాణం లేదు గాని, మా అమ్మాయిది ఇప్పుడు పరాయి జిల్లా. మా వియ్యపురాలు ఈ సంగతి నాలుగుసార్లు గుర్తు చేశారు.

గూడెంలో దిగగానే ఉల్లిపాయల లారీలు ఎదురొచ్చాయి. ఉల్లి వ్యాపారానికి పేరుపడ్డ ఊళ్ళో సుగంధ తైలమేమిటా అని నవ్వుకున్నాను. కాని వైద్యశాల తలుపు తీయగానే నిమ్మగడ్డి వాసన గుప్పున కొట్టింది. లోపల ఒక పెద్ద వయసు వైద్యుడుగారు, గోడమీద ధన్వంతరి పటమూ, దాని పక్కన ఆచంట లక్ష్మీపతిగారి పటమూ ఉన్నాయి. లక్ష్మీపతిగారు 1880లో మన పశ్చిమ గోదావరి జిల్లా మాధవరంలో పుట్టినవారు. మద్రాసులో ఇంగ్లీషు వైద్యం చదివి పట్టా పుచ్చుకున్నాక, పండిత గోపాలాచార్యులుగారి దగ్గర ఆయుర్వేదం నేర్చుకుని దానికే అంకితమయ్యారు. ఆ రెండు వైద్యాలూ తెలిసిన మనిషి పటం చూశాక నాకు కొంత ధైర్యం వచ్చింది.

లోపలి గదిలో నూనె కారిపోకుండా అంచులు కట్టిన పెద్ద కొయ్యబల్ల. దాన్ని ద్రోణి అంటారట. పక్కన వేణ్ణీళ్ళ గిన్నెలో మరో గిన్నె పెట్టి అందులో నూనె వెచ్చబెడుతోంది ఒక పిల్ల. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళుంటాయి. బక్కపలచని మనిషే గాని ముంజేతులు చూస్తే గట్టివి.

"కూచోండమ్మగారూ" అంది. కూచున్నాను. బట్టలు మార్చుకోమంటుందని సిగ్గుపడుతూంటే ఆ ఊసే ఎత్తలేదు. కాయితం, కలం తీసుకుని, "గుండె జబ్బుందా అండి? రక్తపోటుందా? ఒంటిమీద పుళ్ళూ గాయాలూ ఉన్నాయా? జ్వరం గట్రా?" అని వరసగా అడిగి, "షుగరుందా అండి?" అంది.

"మావారికుంది. నాకు లేదు."

"ఎప్పుడు చూపించుకున్నారండి?"

నేను నోరు తెరిచి మళ్ళీ మూశాను. మావారికి మూడు నెలలకోసారి పరీక్ష. రక్తం ఇచ్చేది ఆయన, పక్కన సంచీ పట్టుకుని కూచునేది నేను. నా రక్తం ఎవరైనా తీసి అయిదారేళ్ళయి ఉంటుంది. అదీ కళ్ళ ఆపరేషనప్పుడు.

"అయితే ఈరోజుకి కాపడం, ఆవిరీ వద్దండి. నూనె ఒక్కటే రాస్తాను. పరీక్ష చేయించుకుని రండి, మిగతాది అప్పుడు. డబ్బు మళ్ళీ కట్టక్కర్లేదండి" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇన్ని మైళ్ళు వచ్చిందెందుకూ, భుజానికి వేడి తగిలితే బాగుంటుందనే గదా! దడ పెట్టుకున్నదాన్ని, తీరా వద్దనేసరికి కావాలనిపించింది. మనిషి బుద్ధి అంతే. "ఏమీ ఫరవాలేదు, నాకు లేదు జబ్బు" అన్నాను.

"మా నాన్నా అలాగే అనేవాడండి" అంది.

వాళ్ళది కొల్లేటి లంక. 1999లో కొల్లేటిని పక్షులకు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు గదా. 2006లో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టించినప్పుడు వీళ్ళ వాటా చెరువూ పోయింది. అప్పటికి ఈ పిల్లకి ఎనిమిదేళ్ళు. ఆ తర్వాత తండ్రి కైకలూరు వేపు పరాయివాళ్ళ చెరువుల మీద కూలికి పోయేవాడు. పొద్దస్తమానం నీళ్ళలో, బురదలో. ఒకనాడు ఆల్చిప్ప గీసుకుని పాదం తెగింది. తెగినట్టు ఆయనకి తెలియనే లేదు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటే గదిలో నెత్తురు చూసి, ఎవరిదే ఇది అని అడిగాడట. షుగరున్నదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. రెండు వేళ్ళు తీసేశారు.

"అడగందే ఎవరి ఒంటిమీదా వేడి పెట్టనండి నేను" అంది ఆ పిల్ల, నూనె గిన్నెలో వేలు ముంచి తన మణికట్టు లోపలి వేపు రాసి వేడి చూసుకుంటూ.

నేనింకేమీ వాదించలేదు. చెప్పినట్టల్లా విన్నాను.

నూనె సంగతి కాస్త చెప్పాలి. రాసేది మామూలు నువ్వుల నూనే. అందులో నిమ్మగడ్డి తైలం చుక్కలు కలిపింది. లావెండరు, నీలగిరి తైలం కూడా చూపించింది గాని నేను నిమ్మగడ్డే కోరుకున్నాను. ఈ సుగంధ తైలాలు గానుగ ఆడితే వచ్చేవి కావు. గడ్డిని పెద్ద కాగులో పెట్టి కిందినుంచి ఆవిరి పోనిస్తారు. ఆవిరి వాసనని మోసుకుపోయి చన్నీళ్ళ గొట్టంలో చల్లారితే నీళ్ళు అడుగునా, తైలం పైనా తేలుతాయి. క్వింటాలు పచ్చిగడ్డి ఉడికిస్తే దొరికేది అరకిలో, అటూ ఇటూగా. అంత చిక్కటి సరుకు గనకనే దాన్ని ఉన్నదున్నట్టు ఒంటికి రాస్తే చర్మం మండి దద్దురులు లేస్తాయి. చెంచాడు నూనెకి రెండు చుక్కలు చాలు. ఇలా వాసనలతో చేసే వైద్యానికి అరోమాథెరపీ అని పేరుపెట్టింది గట్ఫోసే అనే ఫ్రెంచి రసాయనికుడు. ఆ పేరుతో 1937లో పుస్తకమే రాశాడు. మన పెళ్ళిళ్ళలో పన్నీరు చిలకరించిన ముత్తయిదువలు ఎవరూ పుస్తకాలు రాయలేదు గనక ఆ పేరు ఆయనకే దక్కింది.

బల్లమీద పడుకున్నాను. పలచని గుడ్డ కప్పి, ఎంతవరకు అవసరమో అంతవరకే తీస్తూ, పాదాల దగ్గర మొదలుపెట్టింది. ఎముక పొడుగునా నిలువుగా, కీళ్ళ దగ్గర గుండ్రంగా. ఆ చేతివాటం నాకు తెలుసు! పిల్లలకి నూనె రాసే చెయ్యి అది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"విజయవాడలో ఆర్నెల్లండి. అంతకుముందు మా నాన్నమ్మ దగ్గరండి. మా లంకలో పుట్టిన పిల్లలందరికీ ఆవిడే నీళ్ళు పోసేదండి. దోనె మీద పక్క లంకలకి కూడా తీసుకెళ్ళేవారు. నూనె గిన్నె నేను పట్టుకునేదాన్ని." తర్వాత కొంచెం నవ్వి, "ఆవిడ చేసేదాన్లో కొన్ని ఇప్పుడు చెయ్యకూడదండి. ముక్కులోనూ చెవిలోనూ నూనె పొయ్యడం" అంది.

ఆ మాట నిజమే. మనవలున్నవారు గుర్తుపెట్టుకోండి. పసిపిల్లల ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేస్తుంది. కర్పూరం, నీలగిరి తైలం పసివాళ్ళ ముక్కు దగ్గరికి తేనే కూడదు. జలుబని చెప్పి రాసేస్తాం మనం. ఊపిరి ఆడక ప్రమాదం.

భుజం దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల చెయ్యి ఆగింది. నొక్కలేదు. అరచెయ్యి ఊరికే ఆనించి ఉంచింది, కాసేపు. ఆ వెచ్చదనం మెల్లిగా లోపలికి దిగుతూంటే నాకు ఏం జరుగుతోందో తెలియకుండానే కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. నొప్పికి కాదు. నాకెందుకో మా అమ్మ వావిలాకు నీళ్ళ వాసన వచ్చింది. గదిలో ఉన్నది నిమ్మగడ్డి. ఆ పిల్ల చూసీ చూడనట్టు ఊరుకుంది. ఏమ్మా అని అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. అడగలేదు గనక చెప్పేశాను. ఉప్పు మూట, మసిగుడ్డ, బొబ్బ, వేణ్ణీళ్ళ అబద్ధం, అన్నీ. మూడేళ్ళుగా తోడపుట్టినవాళ్ళకి కూడా చెప్పనిది, గంట కిందట పేరైనా తెలియని పిల్లకి బోర్లా పడుకుని చెప్పాను.

విని, "తెలియక చేశారు గదండి" అంది. ఆ తర్వాత, "ఇప్పుడు రోజూ పాదాలు చూస్తున్నారా అండి?" అంది.

చూడటం లేదు. నిజం చెబుతున్నాను. ఆ పుండు మానిన తర్వాత నేను ఆయన పాదం ముట్టుకోలేదు. నా చెయ్యి తగిలితే మళ్ళీ ఏమవుతుందోనని భయం.

పరీక్ష సంగతి రెండు మాటల్లో తేల్చేస్తాను. మర్నాడే గూడెంలో రక్తం ఇచ్చాను. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 దాకా ఫరవాలేదు, 6.5కి చేరితే జబ్బు, నడుమ ఉన్నవాళ్ళు గట్టుమీద ఉన్నవాళ్ళన్నమాట. భుజం ఇలా బిగుసుకుపోవడం చక్కెర ఉన్నవాళ్ళలో ఎక్కువని, అందుకైనా ముందే పరీక్ష చేయించుకోవలసిందని డాక్టరుగారు కోప్పడ్డారు. పాదాలకి స్పర్శ బాగానే ఉందని చూసి, ఆవిరి పట్టవచ్చునన్నారు. అన్నం తగ్గించమన్నారు. సాయంత్రం నడవమన్నారు. పనసపొట్టు గురించి రాయవద్దని మాత్రం అనలేదు.

మళ్ళీ వైద్యశాలకి వెళితే ఈసారి ఆకుల మూట సిద్ధంగా ఉంది. వావిలాకు, ఆముదపాకు, జిల్లేడాకు తరిగి నూనెలో వేయించి గుడ్డలో కట్టారు. పెనం మీద వెచ్చబెట్టి, ముందు తన మణికట్టు మీద, తర్వాత నా ముంజేతి మీద ఆనించి, "ఎలా ఉందండి?" అని అడిగి గాని భుజం మీద వెయ్యలేదు. తెలుస్తోందన్నాను. "ఎక్కువైతే చెప్పాలండి, ఓర్చుకోకూడదు" అంది. ఓర్చుకోకూడదని నాకు చెప్పిన మొదటి మనిషి ఈ పిల్లే.

తర్వాత ఆవిరి పెట్టె. కొయ్య బీరువాని పొట్టిగా చేసి మెడ పట్టేటంత కన్నం పెట్టినట్టుంటుంది. మనం లోపల, తల బయట. అద్దంలో చూసుకుంటే బొమ్మల కొలువులో తల ఆడించే తంజావూరు బొమ్మలా ఉన్నాను. పది నిమిషాలు. ఒంటిమీద చెమట కాలవలు కడుతూంటే వైద్యుడుగారు బయటినుంచి తల ఎందుకు బయట పెట్టారో చెప్పారు. చెమట పట్టించే పద్ధతులు చరకుడు పదమూడు చెప్పాడట. ఆ వేళ కళ్ళమీద గుడ్డగాని తామర రేకులుగాని కప్పాలనీ, గుండె చోటున చల్లటి తామరలు ఆనించాలనీ కూడా చెప్పాడట. మా కొల్లేటి తామరలకి ఇంత గౌరవం ఉందని నాకు తెలియదు.

"ఎవరికి ఈ వేడి పనికిరాదో కూడా రాశాడమ్మా" అన్నారాయన. "గర్భిణులు, రక్తపిత్తం వాళ్ళు, అతిసారం వాళ్ళు, బాగా తాగినవాళ్ళు, మధుమేహం వాళ్ళు."

పెట్టెలో ఉన్నాను గనక లేవలేకపోయాను గాని, ఆ చివరి మాటకి నా ఒళ్ళు ఉలిక్కిపడింది. మనం పెద్దల వైద్యం అనుకుని చేస్తున్నదాన్ని, ఆ పెద్దలే ఎప్పుడో వద్దని రాసిపెట్టారు. మా అత్తగారి కాపడం మా అత్తగారికి సరిపోయింది. ఆవిడకి చక్కెర జబ్బు లేదు. వేడెక్కితే "చాలే పిల్లా, మాడ్చేస్తావా" అని అరిచేవారు. ఆ అరుపే ఆవిడ పాదాలను కాపాడింది. మావారు అరవలేదు. అరవడానికి ఆయనకి తెలిస్తేగా. చక్కెర ఎక్కువై ఏళ్ళు గడిస్తే నరాల చివరలు మొద్దుబారిపోతాయి, ముందుగా పాదాల్లోనే. అటువంటి కాలుని కాల్చడానికి నిప్పే అక్కర్లేదు. మన చేతికి కాస్త చురుక్కుమనే వేడి అయినా ఒకేచోట చాలాసేపు ఉంటే చాలు. వేణ్ణీళ్ళ సంచీ, ఇటుక కాపడం, ఉప్పు మూట, ఇంట్లో చక్కెర జబ్బు మనిషి ఉంటే వీటిని ఆ పాదాల దగ్గరికి రానివ్వకండి. స్నానానికి నీళ్ళు కూడా ఇంకొకరి చేత్తో చూపించాలి. నేను ఈ కాలం పుచ్చుకున్నది ఇందుకే. మిగతాది నా సోది.

ఇంతకీ గుణం కనబడిందా అని అడుగుతారు. ఆ రాత్రి ఎనిమిదిన్నరకే నిద్రపోయి తెల్లవారి ఆరింటికి లేచాను. ఇలా జరిగి ఎన్నేళ్ళయిందో. మూడు రోజులు ఒళ్ళు తేలిగ్గా ఉంది. నాలుగో రోజుకి భుజం మళ్ళీ మామూలే, కాకపోతే బల్లి గోడమీద ఒక బెత్తెడు పైకి పాకింది. మర్దన వల్ల నడుంనొప్పికి మహా అయితే కొద్దికాలం ఉపశమనమేననీ, దానికైనా రుజువులు అంత గట్టివి కావనీ 2015లో కొక్రేన్ వారు పరిశోధనలన్నీ కూర్చి చూసి తేల్చారు. అంతకు మించి ఆశపెట్టుకోకండి. నెలకోసారి పదిహేను వందలు పొయ్యడానికి నేను సిద్ధంగా లేను. ఆ మాట అంటే మా అమ్మాయి, "అయితే రెణ్ణెల్లకోసారి" అంది.

ఏలూరు తిరిగొచ్చిన సాయంత్రం గుమ్మంలోనే మావారు, "ఏమిటే, టీలో వేసుకునే గడ్డి వాసనొస్తున్నావు" అన్నారు. అన్నం అయ్యాక ఆయన పడకకుర్చీలో పేపరు పట్టుకు కూచుంటే, ముక్కాలిపీట లాక్కుని ఎదురుగా కూచున్నాను. పాదాలు నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన పేపరు కొంచెం దించి చూసి, మళ్ళీ ఎత్తారు. దీపం దగ్గరికి జరిపి, వేళ్ళ సందులన్నీ విడదీసి చూశాను. మడమ దగ్గర చిన్న పగులు. పాత మచ్చ నిగనిగలాడుతూ గులాబీ రంగున ఉంది. వెచ్చబెట్టని నూనె వేసి, వేళ్ళ సందుల్లో మాత్రం తడి తగలకుండా, మెల్లిగా రాశాను.

"తెలుస్తోందా?" అన్నాను.

పేపరు వెనకనుంచి చాలాసేపటికి, "తెలియదు గాని, చూస్తున్నాగా" అన్నారు.

రెండో పాదం కూడా అయ్యాక ఆయన లేచి నా వెనక్కి వచ్చి నిలబడ్డారు. నలభై ఏళ్ళ కాపరంలో ఎప్పుడూ లేనిది, నా భుజం మీద చెయ్యి వేసి, బడిలో సుద్దముక్క పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో నొక్కడం మొదలెట్టారు. రెండో చేతిలో పేపరు అలాగే ఉంది. చదువుతూనే నొక్కుతున్నారు.

"ఈ భుజం కాదండీ" అన్నాను, "ఆ రెండోది."